జడ్జి విల్హెల్మ్ ఎందుకంత బోరు కొడతాడు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "డేనిష్ తత్వవేత్త కీర్కెగార్డ్ రాసిన ఐదర్/ఆర్ చదువుతున్నాను. మొదటి భాగం ఆపకుండా చదివేశాను. రెండో భాగంలో జడ్జి విల్హెల్మ్ అనే ఆయన వచ్చి పెళ్ళి, బాధ్యత, ఉద్యోగం అని ఉత్తరాలు రాస్తుంటే నిద్రొస్తోంది. అస్తిత్వవాదానికి, అంటే మనిషి తన ఎంపికలతోనే తానేమిటో తేల్చుకుంటాడనే తత్వానికి, ఆద్యుడు అంటారు కదా, ఈ పెద్దమనిషిని ఎందుకు పెట్టుకున్నాడు? జడ్జి మాటే రచయిత మాటా? అసలు మనల్ని మనమే ఎంచుకోవాలంటే అందులో మంచీ చెడూ ఎక్కణ్ణుంచి వస్తాయి?"

మొహమాటపడకుండా నిద్రొస్తోందని రాశారు, అది నాకు నచ్చింది. నేను ఇరవై మూడేళ్ళు ఫిలాసఫీ పాఠాలు చెప్పాను. మొదటిసారి చదివినప్పుడే రెండో భాగం నచ్చిందన్న విద్యార్థి ఒక్కడే తగిలాడు. వాడు కూడా ఇంటర్నల్ మార్కుల కోసం అన్నాడేమోనని ఇప్పటికీ అనుమానం. ఇరవై నాలుగేళ్ళ వయసులో నేనూ మొదటి భాగం మీద మోజు పడినవాణ్ణే. నా కాపీలో ఆ భాగం మార్జిన్ల నిండా పెన్సిల్ గీతలే. రెండో భాగంలో గీత ఒక్కటీ లేదు. ఎక్కడ ఆగిపోయానో గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

జడ్జి బోరు కొట్టడం రచయిత చేతకానితనం కాదు, కావాలనే అలా రాశాడు. ముందు ఈ సంగతి పట్టుకుంటే మీ మిగతా రెండు ప్రశ్నలూ సగం తేలిపోతాయి.

కథలోకి కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ పుస్తకం 1843 ఫిబ్రవరి 20న కోపెన్‌హాగెన్‌లో రెండు సంపుటాలుగా వచ్చింది. డేనిష్‌లో పేరు ఎంటెన్-ఎలర్. ఇదా, అదా అన్నట్టు. ఎనిమిది వందల పైచిలుకు పేజీల పుస్తకం, కానీ రచయిత పేరు లేదు. విక్టర్ ఎరెమిటా అనే సంపాదకుడి పేరు ఉంది. ముందుమాటలో ఆయన చెప్పే కథ ఇది. పాత సామాన్ల దుకాణంలో ఒక రాతబల్ల చూసి ముచ్చటపడ్డాడు. అటుగా పోతూ రోజూ చూడటం, కొనాలా వద్దా అని ఊగిసలాడటం, చివరికి కొనడం. ఒకరోజు పొద్దున్నే ఊరికి బయల్దేరే హడావుడిలో డబ్బులున్న సొరుగు ఎంత లాగినా రాలేదు. ఒళ్ళు మండి గొడ్డలి తెప్పించి ఒక్కటి వేశాడు. సొరుగు రాలేదు గానీ, అంతవరకూ కనపడని రహస్యపు తలుపొకటి తెరుచుకుంది. లోపల కాగితాల కట్టలు! వాటిని పిస్టళ్ళ పెట్టెలో కుక్కుకుని ప్రయాణమయ్యాడు. తర్వాత చూస్తే రెండు రకాల చేతిరాతలు. ఒకరికి ఎ అని, రెండోవారికి బి అని పేరు పెట్టాడు. ఆ బి గారే మన జడ్జి. బల్ల కొనడానికే అన్నాళ్ళు తటపటాయించిన మనిషిని తెచ్చి "ఇదా, అదా" అనే పుస్తకానికి సంపాదకుణ్ణి చెయ్యడంలో చిలిపితనం మీరు గమనించే ఉంటారు.

ఎ ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు. మోట్సార్ట్ సంగీతం గురించి అంత గొప్పగా రాసినవాడు, పెళ్ళి చేసుకున్నా బాధపడతావు, చేసుకోకపోయినా బాధపడతావు అని నవ్వించినవాడు. విసుగే అన్ని చెడులకూ మూలమంటాడు. దానికి అతని మందు పంట మార్పిడి. ఊరూ మనుషులూ మారుస్తూ పోవడం మోటు పద్ధతట. పొలం అదే ఉంచి సాగు పద్ధతి మార్చాలట. నాటకానికి మధ్యలో వెళ్ళు, పుస్తకంలో మూడో భాగమే చదువు. స్నేహం ముదరనివ్వకు, పెళ్ళి జోలికి పోకు, పదవి ఒప్పుకోకు. ఈ మూడూ దగ్గరికి రానివ్వకపోతే మనసు ఎప్పుడూ ఖాళీగా, తేలిగ్గా ఉంటుంది.

ఆ వ్యాసంలో ఒక చిన్న సంగతి ఉంది, మళ్ళీ తీసి చూడండి. ఎ ఒక మనిషి ఉపన్యాసం తప్పించుకోలేక వినాల్సి వస్తుంది. విసిగి చచ్చేలోపు, ఆ మనిషికి మాట్లాడేటప్పుడు బాగా చెమట పడుతుందని కనిపెడతాడు. నుదుటి మీద చెమట బొట్లు కూడుకుంటాయి, ఒకటై ముక్కు మీదుగా జారతాయి, ముక్కు కొసన ఒక బొట్టు వణుకుతూ నిలబడుతుంది. అంతే, ఆ క్షణం నుంచి ఎ కి పండగే. ఆ బొట్టు కోసం మనిషిని రెచ్చగొట్టి మరీ మాట్లాడిస్తాడు.

మొదటిసారి చదివినప్పుడు పడీ పడీ నవ్వాను. ఇప్పుడు చదివితే నవ్వు సగంలో ఆగిపోతుంది. ఆ మనిషి ఏం చెప్తున్నాడు? ఎవరికీ తెలీదు. మనిషి పోయి చెమట బొట్టు మిగిలింది. స్నేహం, ప్రేమ, దుఃఖం అన్నీ ఎ కి ఇలాగే. ఒక క్షణం రుచి చూసి పక్కకి జరుగుతాడు. గోడ మీద పిల్లివాటం అంటామే, దాన్ని ఒక కళగా తీర్చిదిద్దినవాడు ఎ. పిల్లి ఎటైనా దూకుతుందని మనం భయపడతాం. ఎ కి భయం లేదు, ఎటూ దూకడు గనక.

ఇప్పుడు జడ్జి. ఈయన ఎ ని తిట్టడానికి రాలేదు. ఇంటికి వచ్చిపోయే కుర్రాడు, తెలివైనవాడు, పాడైపోతున్నాడని బెంగ. మొదటి ఉత్తరం నిండా పెళ్ళే. ప్రేమ పెళ్ళితో చచ్చిపోతుందని ఎ వాదం, పెళ్ళిలోనే ప్రేమకి అందం నిలుస్తుందని జడ్జి వాదం. పైకి చూస్తే పాత చర్చే. కానీ అందులో ఆయన గెలవడం వేరు, ఉంచుకోవడం వేరు అని ఒక మాట పట్టుకుంటాడు. ప్రేమకథలన్నీ గెలుపు కథలు. వీరుడు పందుల్ని చంపుతాడు, భూతాల్ని చంపుతాడు, రాకుమారిని తెస్తాడు. శుభం కార్డు పడుతుంది. శుభం కార్డు తర్వాత పదిహేనేళ్ళ పాటు ఏం జరిగిందో ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెప్పడానికి వీల్లేదు. రాజ్యాన్ని గెలిచినవాణ్ణి ఒక్క బొమ్మలో గీయొచ్చు. రోజూ ఓర్చుకునేవాణ్ణి గీయలేం, ఆ "రోజూ" అన్న మాట బొమ్మలోకి రాదు కాబట్టి. కథ చెప్పేవాడు పదేళ్ళని పది మాటల్లో దాటేస్తాడు, బతికేవాడు దాటలేడు.

అందుకే జడ్జి బోరు కొడతాడు. కట్టుబడి ఉండటం అనేది కాలంలో జరిగే పని, చదివి ఆనందించడానికి అనువైన సరుకు కాదు. ఆయన ఎ అంత చమత్కారంగా రాసి ఉంటే, కట్టుబాటు కూడా మనకి ఇంకో మంచి అనుభవంలా, రుచి చూసి వదిలేసేదిలా కనిపించేది. చెప్పినదే మళ్ళీ చెప్పడం, నిదానం, చాదస్తం, ఇవన్నీ ఆయన చెప్పే విషయంలో భాగమే. ఆయన పాఠాన్ని మీరు నిద్ర రూపంలో అనుభవిస్తున్నారన్నమాట. ఇది నేను సరదాకి అనడం లేదు.

రెండో ఉత్తరం ఇంకా ముఖ్యం. ఎంచుకోవడం గురించి అస్తిత్వవాదులు తర్వాత వందేళ్ళు మాట్లాడినదానికి మొలక అక్కడుంది. అందులో ఓడ కెప్టెన్ పోలిక ఒకటి వస్తుంది. ఓడని మలుపు తిప్పాలి. ఇటు తిప్పొచ్చు, అటు తిప్పొచ్చు అని కెప్టెన్ ఆలోచిస్తున్నాడు. మంచిదే, కానీ ఈలోగా ఓడ ఆగి లేదు. తన వేగంతో తను పోతూనే ఉంది. ఇదా అదా అని అడగడానికి ఇంకేమీ మిగలని క్షణం ఒకటి వస్తుంది. కెప్టెన్ ఎంచుకున్నాడని కాదు, ఎంచుకోవడం మానేశాడు కాబట్టి. వేరేవాళ్ళు అతని బదులు ఎంచుకున్నారని అంటాడు జడ్జి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఎమ్మే అయ్యాక నాకు ఒకేసారి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి వేరే రాష్ట్రంలో పరిశోధన సీటు. రెండోది మా జిల్లాలోనే ఒక చిన్న ఊళ్ళో లెక్చరర్ ఉద్యోగం. సీటుకి ఒప్పుకుంటున్నానని కాగితం రాసి, కవర్లో పెట్టి, స్టాంపు అంటించి చొక్కా జేబులో పెట్టుకున్నాను. పదకొండు రోజులు జేబులోనే తిరిగింది. చొక్కా మార్చినప్పుడల్లా కవరూ మారేది. పోస్టు డబ్బా మా వీధి చివరే. నాన్నకి ఒంట్లో బాగోలేదనుకున్నాను, ఇంకా ఆలోచించాలనుకున్నాను, రేపు వేద్దామనుకున్నాను. ఆఖరు తేదీ దాటింది. ఉద్యోగంలో చేరాను. తర్వాత ఎవరడిగినా "నేను కావాలనే టీచింగ్ ఎంచుకున్నాను" అని చెప్పేవాణ్ణి. చాలా ఏళ్ళు చెప్పాను, బాగా చెప్పేవాణ్ణి కూడా. నలభై దాటాక క్లాసులో ఈ కెప్టెన్ పేజీ గట్టిగా చదువుతూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు గొంతు పట్టేసిందనుకున్నారు. ఎంచుకున్నది నేను కాదు, తేదీ.

సరే, సిద్ధాంతానికి వద్దాం. చాలామంది జడ్జిని ఇలా అర్థం చేసుకుంటారు: ఎ చెడ్డదాన్ని ఎంచుకున్నాడు, జడ్జి మంచిదాన్ని ఎంచుకోమంటున్నాడు. కాదు. తన "ఇదా అదా" మంచికీ చెడుకీ మధ్య కాదని ఆయనే చెప్తాడు. మంచి చెడులనే కొలత నా జీవితానికి వర్తిస్తుందని ఒప్పుకుంటానా లేదా అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఎ చెడ్డవాడేం కాదు. అతను ఆ కొలత బయట నిలబడ్డాడు, అంతే. అతనికి పనులు ఆసక్తిగా ఉంటాయి లేదా విసుగ్గా ఉంటాయి. తప్పుగా ఉండవు, ఒప్పుగా ఉండవు. అందుకని జడ్జి ముందు అడిగేది ఎంచుకోవడాన్ని ఎంచుకోమని. సరైనదే ఎంచుకున్నావా అన్నదానికంటే, ఎంత మనసు పెట్టి, ఎంత పూర్తిగా ఎంచుకున్నావన్నది మొదట ముఖ్యమంటాడు. అలా ఎంచుకున్నవాడు తప్పు చేసినా, ఆ తప్పు తనదని తెలుస్తుంది కాబట్టి దిద్దుకోగలడని ఆయన నమ్మకం. ఈ చివరి ముక్క దగ్గర నాకు ఆయన మీద పూర్తి నమ్మకం లేదు. మనసారా, నిండు నమ్మకంతో చెడు చేసినవాళ్ళని చరిత్ర బోలెడంతమందిని చూసింది.

మరి ఎ ఏం చెయ్యాలి? జడ్జి ఇచ్చే సలహా విని నా విద్యార్థులు ఎప్పుడూ ఉలిక్కిపడేవారు. నిస్పృహ చెందు, అంటాడు. ఉద్యోగం చూసుకో, పెళ్ళి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి అని మన ఇళ్ళల్లో చెప్పినట్టు చెప్పడు. డేనిష్‌లో సందేహం అనే మాట నిస్పృహ అనే మాట లోపలే ఉంటుంది. సందేహం ఆలోచనకి పట్టే నిస్పృహ అనీ, నిస్పృహ మొత్తం మనిషికే పట్టే సందేహం అనీ జడ్జి ఆ రెంటినీ కలుపుతాడు. ఆయన లెక్కలో ఎ ఎప్పుడో నిస్పృహలో ఉన్నాడు. అందం, ఆరోగ్యం, ప్రతిభ, అదృష్టం, ఇలా తన చేతిలో లేనివాటి మీద బతుకు నిలబెట్టుకున్నవాడెవడైనా, తెలిసినా తెలియకపోయినా నిస్పృహలో ఉన్నట్టే. రోమ్‌ని తగలబెట్టాడని చెప్పుకునే చక్రవర్తి నీరోని కూడా ఆయన ఇలాగే చదువుతాడు. క్రూరుడనే ముందు దిగులు మనిషి అంటాడు, పిల్లాడి చూపుకి కూడా జడుసుకునేవాడు. కాబట్టి ఆ నిస్పృహని సగం సగం రుచి చూడటం మాని, దాన్ని పూర్తిగా ఒప్పుకో. అలా ఒప్పుకున్నప్పుడు నువ్వు ఎంచుకునేది నిస్పృహని కాదు, ఎంచుకుంటున్న నిన్ను.

"నిన్ను నువ్వు ఎంచుకో" అన్న మాట మనకి ఫ్రెంచి అస్తిత్వవాది సార్త్రే ద్వారా ఎక్కువ తెలుసు. 1945 అక్టోబరు 29న పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన ఒక విద్యార్థి కథ చెప్పాడు. అన్న 1940లో జర్మన్ల దాడిలో చనిపోయాడు. తండ్రి జర్మన్లవైపు మొగ్గుతున్నాడు. తల్లికి ఉన్నది ఇతనొక్కడే. ఇంగ్లండ్ వెళ్ళి స్వతంత్ర ఫ్రెంచి సేనలో చేరాలా, తల్లి దగ్గర ఉండిపోవాలా? సార్త్రే చెప్పిన జవాబు: నువ్వు స్వేచ్ఛాజీవివి, ఎంచుకో, అంటే కనిపెట్టు. ఏ నీతిశాస్త్రమూ నీకు దారి చూపదు. వందేళ్ళ ముందటి జడ్జి ఇక్కడ ఒప్పుకోడు. నేను నన్ను సృష్టించుకోవడం లేదు, ఎంచుకుంటున్నాను అంటాడు ఆయన. ఖాళీ చేతులతో మొదలుపెట్టడం ఉండదు. ఫలానా ఊరు, ఫలానా తల్లిదండ్రులు, ఈ కోపం, ఈ బలహీనత, ఇదివరకు చేసిన తప్పులు, ఇవన్నీ ముందే ఉన్నాయి. వాటిని "నాకు జరిగినవి" అనడం మాని "నావి" అనడమే ఆయన చెప్పే ఎంపిక. అందుకే ఆ ఉత్తరంలో పశ్చాత్తాపం అన్న మాట అన్నిసార్లు వస్తుంది. పశ్చాత్తాపమంటే ఏడుపు కాదు ఆయనకి. వదిలేసుకున్న సొంత జీవితాన్ని తిరిగి తన పేరున రాయించుకోవడం.

ఇది చదివాకే నా జేబు కవరు సంగతి నాకు తేలిక పడింది. ఆ ఉద్యోగాన్ని నేను ఎంచుకోలేదు, నిజమే. ఆ సంగతి వెనక్కి వెళ్ళి మార్చలేను. కానీ పోస్టు చెయ్యకపోవడం నా పనే అని ఒప్పుకుని, రేపటి క్లాసుకి నేనుగా వెళ్ళొచ్చు. అప్పటిదాకా పాత నోట్సుతో లాక్కొచ్చినవాణ్ణి ఆ ఏడాది నోట్సు మళ్ళీ మొదటినుంచీ రాసుకున్నాను. నా జీవితంలో మారింది అంతే, పెద్ద విప్లవమేమీ కాదు.

బాధ్యత అంటే జడ్జికి ఏమిటో చూపించే చోటు ఒకటుంది, చాలామంది దాటేస్తారు. ఐదేళ్ళ వయసులో తనని బళ్ళో వేశారట. మొదటిరోజు బాలె రాసిన మతపాఠాల పుస్తకంలో పది వరుసలు కంఠతా పట్టి మర్నాడు అప్పజెప్పమన్నారు. అంతే, మిగతా లోకమంతా ఆ పిల్లాడి బుర్రలోంచి చెరిగిపోయింది. తను ఆ పది వరుసలు నేర్చుకోకపోతే భూమి తలకిందులవుతుందన్నట్టు ఉండేదట. ఒకవేళ నిజంగానే తలకిందులైనా, ఆ పది వరుసల పని అలాగే ఉంటుందన్నట్టూ ఉండేదట. ఎన్ని బాధ్యతలున్నాయన్నది అనవసరం, బాధ్యత అన్నదాని బరువు ఒక్కసారి ఒంటికి తెలియడం ముఖ్యం అంటాడు. ఎక్కాల పుస్తకం ముందేసుకుని కూర్చున్న ప్రతివాళ్ళకీ ఆ పిల్లాడు తెలుసు. రెండో భాగాన్ని నాకు తెరిచింది ఈ పేజీయే. పెద్ద మీసాల న్యాయమూర్తి పోయి పలక పట్టుకున్న పిల్లాడు కనిపించాడు. (మీసాలు నా ఊహ, పుస్తకంలో లేవు.)

మీ మూడో ప్రశ్న, కొలత ఎక్కణ్ణుంచి వస్తుంది అన్నది, తేలిక ప్రశ్న కాదు. అలస్డేర్ మెకింటైర్ అనే నీతితత్వవేత్త 1981లో వచ్చిన తన పుస్తకంలో సరిగ్గా ఇదే పట్టుకున్నాడు. ఎ బతుకుకీ జడ్జి బతుకుకీ మధ్య ఎంచుకోవడానికి కారణం చూపించాలంటే, ఆ కారణాన్ని కారణంగా ఒప్పుకునేవాడు అప్పటికే ఒక పక్కన చేరిపోయినట్టే. కాబట్టి ఆ మొదటి ఎంపిక ఏ ఆధారమూ లేనిది, ఆధారం లేకుండా ఎంచుకున్న నీతికి మన మీద అధికారం ఎలా వస్తుంది అని ఆయన ప్రశ్న. దీనిమీద కీర్కెగార్డ్ పండితులు చాలానే జవాబులు రాశారు. నా మట్టుకు నాకు మెకింటైర్ సగం సరి అనిపిస్తుంది. బొమ్మా బొరుసా వేసినట్టు ఎంచుకోమని జడ్జి ఎక్కడా అనలేదు. అతను ఎ ని బయటి కొలతతో కొలవడం లేదు, ఎ లోపలే ఉన్న అతుకుబొతుకుని చూపిస్తున్నాడు. చెమట బొట్టు చూసి నవ్వినవాడే ఇంకో పేజీలో తన దుఃఖం తన కోట అని రాసుకుంటాడు. ఏదీ అంటకుండా బతకగలిగినవాడు అన్ని కాగితాలు రాసి ఎందుకు దాచుకుంటాడు? ఆ మనిషికి ఏదో కావాలి, అది తన పద్ధతిలో దొరకడం లేదు. జడ్జి చూపించే ఆధారం అంతవరకే. అది చాలదనుకుంటే మెకింటైర్ వైపు వెళ్ళండి, నేను అడ్డం రాను.

ఇక జడ్జి మాటే రచయిత మాటా అన్నది. కాదు, అంత సూటిగా కాదు. కీర్కెగార్డ్ 1840 సెప్టెంబరులో రెజీనా ఓల్సెన్ అనే అమ్మాయితో పెళ్ళి నిశ్చయం చేసుకున్నాడు. 1841 ఆగస్టులో ఉంగరం తిప్పి పంపేశాడు, అక్టోబరులో పూర్తిగా తెంచుకుని బెర్లిన్ వెళ్ళిపోయాడు. అక్కడ రాయడం మొదలుపెట్టింది ఏమిటో తెలుసా? జడ్జి ఉత్తరాలు. పుస్తకంలో రెండో భాగమే ముందు రాశాడు. నిశ్చితార్థం చెడగొట్టుకుని పరాయి ఊళ్ళో గదిలో కూర్చున్న ఇరవై ఎనిమిదేళ్ళవాడు, పెళ్ళి ఎంత అందమైనదో వాదిస్తున్నాడు! ఆ మాటలు తన సొంత పేరుతో అంటే ఊరు నవ్వి ఊరుకునేది. జడ్జికి పేరు, భార్య, కోర్టు ఉద్యోగం, ఇల్లు ఇచ్చాడు. ఆ మాటలకి తగ్గ బతుకు ఉన్నవాడి నోట పెట్టాడు. తర్వాత జడ్జికి ఎదురుగా, అతన్ని ఓడించగలిగినంత తెలివిగా ఎ ని తయారుచేశాడు. ఎవరు గెలిచారో పుస్తకం చెప్పదు, ముందుమాటలో సంపాదకుడూ చెప్పడు. తీర్పు చెప్పేస్తే మీరు ఎంచుకోవడానికి ఏముంటుంది?

ఈ వేషాలు ఆయన బయట కూడా వేశాడు. ఈ పుస్తకం ప్రూఫులు దిద్దుతున్నన్నాళ్ళూ ఊపిరాడని పని. అయినా రాత్రి థియేటర్‌కి వెళ్ళి ఐదో పదో నిమిషాలు నిలబడి నలుగురి కళ్ళలో పడి వచ్చేసేవాడు. పనీపాటా లేని మనిషి అనుకోవాలని. 1846లో మాత్రం ఈ మారుపేర్ల వెనక ఉన్నది తానేనని అచ్చులో ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, ఆ పుస్తకాల్లోని మాటలు ఎవరైనా ఎత్తిరాస్తే తన పేరు కాకుండా ఆయా మారుపేర్ల వాళ్ళ పేర్లే రాయమని కోరాడు. కాబట్టి పరీక్షలో "కీర్కెగార్డ్ ఇలా అన్నాడు" అని జడ్జి వాక్యం రాస్తే నేను అర మార్కు తగ్గించేవాణ్ణి. పిల్లలు నన్ను తిట్టుకున్నారు.

జడ్జిలో లోపాలు లేవని కాదు. ఆడవాళ్ళ గురించి ఆయన రాసిన పేజీలు ఈ రోజు చదివితే ఒళ్ళు మండుతుంది. భార్యని ఎంత పొగిడినా ఆమెని ఇల్లు దాటనివ్వడు. రోజూ ఓర్చుకోవడం గురించి ఇంత చెప్పినవాడు, ఆ ఇంట్లో ఓర్చుకుంటున్నది ఎవరో చూడడు. పైగా ఆయనకి అన్నీ అమరాయి. ఉద్యోగం, సంసారం, దేవుడు, సమాజం ఒకే వరసలో కూర్చున్నాయి. బాధ్యతకీ బాధ్యతకీ మధ్య నలిగిపోయే ఆ పారిస్ కుర్రాడికి ఈయన దగ్గర మందు లేదు. కీర్కెగార్డ్‌కి ఇది తెలుసు. పుస్తకం చివర జడ్జి తన ఉత్తరంతో పాటు, డెన్మార్క్‌లోనే జట్లాండ్ పల్లెలో ఉన్న ఒక పాస్టర్ స్నేహితుడి ప్రసంగం పంపుతాడు. దేవుడి ముందు మనం ఎప్పుడూ తప్పే అన్నది దాని సారం. నేను చెప్పాలనుకున్నది ఈయన నాకంటే బాగా చెప్పాడంటూ పంపుతాడు గానీ, అది తన కాళ్ళ కింద నేలనే తవ్వుతోందని పాపం ఆయనకి తెలిసినట్టు లేదు. బాధ్యతలన్నీ నెరవేర్చాను అని తృప్తిగా పడుకునే మనిషికి అంతకన్నా చేదు మాట ఉండదు. 1843 అక్టోబరులోనే బైబిల్లోని అబ్రహాము మీద వచ్చిన కీర్కెగార్డ్ పుస్తకం, కొడుకుని బలివ్వడానికి కొండెక్కిన మనిషిని పట్టుకుని, జడ్జి నీతికి అందని చోటికి నేరుగా వెళ్ళిపోయింది.

అయినా నేను జడ్జి పక్కనే కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను. అబ్రహాము దాకా వెళ్ళాల్సిన అవసరం మనలో ఎంతమందికి వస్తుంది? జేబులో కవరు మాత్రం దాదాపు అందరికీ ఉంటుంది.

ఎలా చదవాలని అడగలేదు గానీ చెప్తాను. మొదటి ఉత్తరాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రెండో ఉత్తరంలో కెప్టెన్ దగ్గర మొదలుపెట్టి, నీరో మీదుగా పది వరుసల పిల్లాడి దాకా వెళ్ళండి. రోజుకి పది పేజీలు మించొద్దు. తర్వాత 1845లో వచ్చిన కీర్కెగార్డ్ పుస్తకం స్టేజెస్ ఆన్ లైఫ్స్ వే దొరికితే, అందులో రాత్రి విందు ముగిసే చోటు చూడండి. ఆడవాళ్ళ మీద, ప్రేమ మీద తాగి ఉపన్యాసాలిచ్చిన రసికులు తెల్లారి నడుచుకుంటూ వస్తుంటే ఒక తోటలో జడ్జి దంపతులు టీ తాగుతూ కనిపిస్తారు. వీళ్ళు చాటునుంచి చూస్తారు. నన్ను చేసుకోకపోయి ఉంటే మీరు ఇంకా గొప్పవారయ్యేవారేమో అని ఆవిడ మొగుణ్ణి అడుగుతుంది. ఆయన ఏమంటాడో నేను చెప్పను. ఈలోగా విక్టర్ ఎరెమిటా, ఆ రాతబల్ల ఆసామీయే, కిటికీలోంచి ఇంట్లోకి దూరి జడ్జి రాసుకున్న కొత్త కాగితాలు కొట్టేసి జేబులో వేసుకుని వస్తాడు. అతని జేబులోంచి వాటిని ఇంకొకడు కొట్టేస్తాడు. అవతల జడ్జికి ఇవేమీ పట్టవు.